దిష్టి కొమ్మ

కడియం నర్సరీల్లో నాకంటే నా కుడిచేతికే ఎక్కువ పేరు. "నూకరత్నం గారి చెయ్యి పడితే తుప్పైనా చెట్టవుతుంది" అంటారు. మరి మనిషి ఎలాంటిదని అడిగితే కాస్త ఆగి, "నోరు కొంచెం పెద్దదండి" అంటారు. రెండూ నిజమే. జానెడు లోతు కూడా లేని తొట్టెలో మూరెడు చింతచెట్టును పెంచి, చూసేవాడికి అది వందేళ్ళ మాను అనిపించేలా చెయ్యడం మా నాన్న సత్తియ్య నాకు నేర్పిన పని. బోన్సాయ్ అన్న మాట మాకు తర్వాతెప్పుడో తెలిసింది. నాన్న వాటిని తొట్టి మాన్లు అనేవాడు.

అలాంటి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట కాఫీ గ్లాసు దగ్గర తెలిసింది, తర్వాత చెట్ల దగ్గర. మా పనిలో చిగురు గిల్లడమే సగం విద్య. ఏ చిగురు గిల్లితే కొమ్మ ఎటు తిరుగుతుందో ముందే చూసుకుని గిల్లాలి. నేను ఒకటి గిల్లబోతే పక్కది తెగేది. రాజమండ్రి డాక్టరు పరీక్షలు చేసి, వణుకుడు జబ్బని పేరు పెట్టి, మాత్రలు రాసి, కంగారు పడకండి అన్నాడు. ఆయనకేం, ఆయన చెయ్యి నిలకడగానే ఉంది. నేను తోటలోకి వెళ్ళడం మానేసి, గోడకేసి తిరిగి పడుకునేదాన్ని.

నా ఒక్కగానొక్క కూతురు హైమ విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఒంట్లో కండరం కదలక ముందే అది ఏం చెయ్యబోతుందో పసిగట్టే యంత్రాలు తయారుచేస్తారట అక్కడ. నన్ను ఆ మంచం మీద చూసి వెళ్ళిన పిల్ల చాలా నెలలు మళ్ళీ ఇంటికి రాలేదు. నేను అలిగాను కూడా. చివరికి ఒకరోజు పొద్దున్నే వచ్చి, చెప్పులు విప్పీ విప్పకుండానే, సంచిలోంచి ఉల్లిపొర రంగు తొడుగు ఒకటి తీసి నా కుడిచేతికి మోచెయ్యి దాకా తొడిగింది. లోపల వెంట్రుకల్లాంటి తీగలేవో ఉన్నట్టు చర్మానికి తెలుస్తోంది.

"కాఫీ తాగమ్మా" అంది.

తాగాను. ఒక్క చుక్క ఒలకలేదు.

"ఏం చేస్తుందే ఇది?"

"వణుకు ఎటు లాగితే దానికి ఎదురు లాగుతుంది. అంతే. కాకపోతే ఏది నీ ఇష్టమో, ఏది వణుకో దానికి తెలియాలి కదా. కొన్నాళ్ళు తొడుక్కుని నీ పని నువ్వు చేసుకో. చూసి అదే నేర్చుకుంటుంది."

ఆ రోజు రవికె హుక్కులు నేనే పెట్టుకుని, పెట్టుకున్నందుకు ఏడ్చాను. మా హైమ బంగారమని వీధంతా చెప్పుకొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటలన్నీ మళ్ళీ వెనక్కి ఏరుకోవాలనిపిస్తుంది.

మొదట్లో ఆ తొడుగు మొద్దు శిష్యురాలే. కొమ్మను వంచి నిలపడానికి నేను రాగితీగ చుట్టబోతే అడ్డం పడేది, చిగురు దగ్గర తటపటాయించేది. నేను దాన్ని పైకే తిట్టేదాన్ని. "అలాక్కాదే మొద్దూ, ముందు కొమ్మ మెడ పట్టుకో, అప్పుడు వంచు" అని మంచి చెడ్డా చెప్పేదాన్ని. దానికి చెవులు లేవని హైమ నవ్వేది. చెవులు లేకపోతేనేం, నా వేళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ నొక్కుతున్నాయో అన్నీ దానికి తెలుస్తున్నాయి. హైమకు కూడా చిన్నప్పుడు ఈ విద్య నేర్పబోయాను. దానికి చెట్ల మీద శ్రద్ధ లేకపోయింది. ఈ శిష్యురాలికి మాత్రం శ్రద్ధ ఎక్కువ.

నా చెట్లు బాగుపడ్డాయి. బాగుపడ్డాయంటే, నేను ఆరోగ్యంగా ఉన్నప్పటికంటే బాగా వచ్చాయి. నిరుటి వర్షాల్లో ఒక వెలగ చెట్టు చేశాను. గాలికి ఒరిగి మళ్ళీ నిలదొక్కుకున్న మాను, ఒక్క కొమ్మ కూడా అనవసరమైంది లేదు. హైదరాబాదులో ప్రదర్శనకి పెడితే జనం దాని ముందు మాటలు మానేసి నిలబడ్డారు. నేను వాళ్ళ వెనకాల నిలబడి, నాన్న ఉంటే బాగుండుననుకున్నాను. నా బతుకులో చేసిన చెట్లన్నిటిలో అదే గొప్పదని నాకు తెలుసు.

హైమ నెలనెలా వచ్చి, తొడుగును కంప్యూటరుకు తగిలించి, సరిచూడాలంటూ ఏదో చేసేది. ఆ కాసేపూ నేను వణికే చేత్తో పక్కన కూర్చుని, తనకి ఇష్టమని మంగ చేత పనసపొట్టు కూర వండించేదాన్ని. మంగ మా తోటలో నీళ్ళు పెట్టే మనిషి. అదొకసారి నాతో నవ్వుతూ అంది కూడా. "అమ్మగారండి, మీరేమో గేటుకేసి సూత్తా నాతో కబుర్లాడతన్నారు. మీ సెయ్యేమో దాని పని అది సేసుకుపోతందండి."

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇదే పని కదే. కళ్ళు మూసుకున్నా చేస్తాను" అన్నాను గొప్పగా.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. చంటిపిల్లకి బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు, మేం ప్రతి చెట్టుకీ వెనక వైపు కింద ఒక కొమ్మను వదిలేస్తాం. దానికి తీగ చుట్టం, చిగురు గిల్లం, కత్తెర చూపించం. ఎటు పోవాలనుంటే అటు పోతుంది. మరీ ఏపుగా పెరిగి చెట్టును మింగేలా ఉంటే అప్పుడు తీసేసి, ఇంకో కొమ్మను వదులుతాం. అందమంతా మన చేతిదే అనిపిస్తే కన్ను పడుతుందని నాన్న నమ్మకం. ఏ కొమ్మను వదలాలో ఎంచుకోవడం అంత తేలిక కాదు. ఒక్కోసారి రోజుల తరబడి చెట్టు చుట్టూ తిరిగేదాన్ని. మిగతా నర్సరీలవాళ్ళు ఇది చూసి నవ్వుతారు. నవ్వుకోనీ.

నాన్న చేతి పని మిగిలి ఉన్న చెట్టు నా దగ్గర ఒక్కటే, ఒక చింత. దానికి కుడివైపు బారుగా చాచిన కొమ్మ ఆయనకి ప్రాణం. పోయేముందు కూడా దాన్ని నిమిరి పోయాడు. అందుకే నేను దాని కొసలు దిద్దుతూ వచ్చాను గానీ ఏనాడూ పొట్టి చెయ్యలేదు. ఇప్పుడు ఆ కొమ్మే చెట్టును తినేస్తోంది. వేళ్ళు లాగిన సత్తువంతా అటే పోయి, పై తల ఎండిపోతోంది. ఈ వేసవి చిగుళ్ళు రాకముందే ఆ కొమ్మను మొదలుకంటా కోసెయ్యాలి. లేకపోతే తల పోతుంది. తల పోయిన చింత ఇక చెట్టు కాదు, మోడు. ఎన్నో రోజులు దాని చుట్టూ తిరిగి మనసు గట్టి చేసుకున్నాను. నాన్నకు మనసులోనే చెప్పుకున్నాను. శివరాత్రి వెళ్ళిన మర్నాడు పెద్ద కత్తెర తీసుకుని కొమ్మ మొదట్లో ఆనించి నొక్కాను.

కత్తెర మూసుకోలేదు.

లావు కొమ్మ కదా, పట్టు దొరకలేదనుకున్నాను. మళ్ళీ ఆనించాను. ఈసారి నా చెయ్యి మెల్లగా, ఎంతో మర్యాదగా పక్కకు జరిగి, పైనున్న ఒక సన్న రెమ్మను అందంగా కోసింది. కొయ్యాల్సిన రెమ్మే అది. కానీ నేను కొయ్యాలనుకున్నది అది కాదు. మూడోసారి పళ్ళు బిగబట్టి నొక్కాను. మణికట్టు దగ్గర తొడుగు బిగుసుకుని నా వేళ్ళను విప్పింది, పసిపిల్ల చేతిలోంచి చాకు తీసుకున్నట్టు.

నాకు భయమేసింది. తొడుగుతోనే వంటింట్లోకి వెళ్ళి బెండకాయలు తరిగాను. బాగానే తరిగింది. పాత గుడ్డ చింపాను, చింపింది. బయటికొచ్చి, పారేయాల్సిన కాగితప్పూల మొక్క ఒకటి ముందు పెట్టుకుని దాని తల నరకబోయాను. నరకనివ్వలేదు. కొసలు దిద్ది, రెమ్మలు పల్చన చేసి, ఆ పనికిరాని మొక్కకి కూడా ఒక తీరు తెచ్చి, వెనక కింద ఒక కొమ్మను ముట్టుకోకుండా వదిలేసింది.

ఆ కొమ్మను చూసి నేలమీద కూర్చుండిపోయాను. దిష్టి కొమ్మ ఏదో నేను ఎంచలేదు. నేను అసలు ఆ వైపు చూడనైనా లేదు.

హైమకి ఫోన్ చెయ్యలేదు. ఫోన్లో అబద్ధం చెప్పడం తేలిక. రాజమండ్రిలో రైలెక్కి మధ్యాహ్నానికి విశాఖలో దిగి, ఆటోలో ప్రయోగశాలకి వెళ్ళాను. పేరు చెప్పగానే అక్కడివాళ్ళు లేచి నిలబడ్డారు. నన్నెప్పుడూ చూడనివాళ్ళు నా మొహం కాకుండా నా చేతినే చూస్తున్నారు. హైమ ఏదో మీటింగులో ఉందని దాని పై అధికారి ఫణీంద్ర గారు స్వయంగా నన్ను లోపలికి తీసుకెళ్ళారు. ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. అందుకే అంతా చూపించారు.

"మీరు రావడం మాకు చాలా సంతోషమండి. హైమ మీకు అన్నీ చెప్పే ఉంటుంది కదా" అన్నారు.

"చెప్పింది లెండి" అన్నాను.

ఒక గదిలో బల్లమీద వరసగా కామిని మొక్కలున్నాయి. వాటి ముందు ఒక ఇనప కడ్డీ, దాని చివర రబ్బరు వేళ్ళు, వాటికి నా తొడుగు లాంటి తొడుగు. అది కత్తెర పట్టుకుని పని చేస్తోంది. కోసే ముందు కత్తెర కొసతో ఆకును ఒకసారి తట్టి, అప్పుడు కోస్తోంది. ఆ తట్టడం నాది. ఎందుకు తడతానో నాకే తెలియదు. నాన్నకి ఆ అలవాటు లేదు, కడియంలో ఇంకెవరికీ లేదు. మనిషి లేని చోట నా అలవాటు నాకు కనపడేసరికి ఒక అడుగు వెనక్కి వేశాను. ముగించిన ప్రతి మొక్కకీ వెనక కింద ఒక కొమ్మ మిగిలి ఉంది.

"దీన్ని మేం రత్నం చెయ్యి అంటామండి" అన్నారు ఫణీంద్ర గారు. "చేతులు పట్టుతప్పిన నేతపనివాళ్ళకీ, కంసాలులకీ కూడా ఇలాంటివి చెయ్యాలని మా ఆశ. ఒక్కటే మాకు అంతుపట్టలేదు. ప్రతిదానికీ ఆ ఒక్క కొమ్మ ఎందుకు వదిలేస్తుందంటారు?"

"దిష్టి తగలకుండా."

ఆయన మర్యాదగా నవ్వారు. నేను వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర హైమ నిలబడి ఉంది. నా మొహం చూసి దాని మొహం పాలిపోయింది.

"ఎప్పట్నుంచే?" అన్నాను.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అమ్మా."

"ఎప్పట్నుంచి?"

"నీ వణుకు బాగా పెరిగిపోయింది. నువ్వనుకుంటున్నదానికంటే చాలా ఎక్కువ. ఎదురు లాగడం సరిపోలేదు. అందుకని... నిరుటి వేసవి నుంచి అది నువ్వేం చేస్తావో ఊహించుకుని తనే చేస్తోంది. నీకు తేడా తెలియకుండా సర్దాను. కానీ అందులో ఉన్నదంతా నువ్వేనమ్మా. పరాయిది ఒక్క ముక్క లేదు."

"నిరుటి వేసవి నుంచి" అన్నాను. "అయితే వెలగ చెట్టు?"

ఫణీంద్ర గారి వైపు చూసింది.

"అడుగుతున్నాను. వెలగ చెట్టు ఎవరు చేశారు?"

"నువ్వే" అంది కళ్ళు దించుకుని. "నీ చెయ్యి అందులోనే ఉంది కదా."

ఉంది. చెయ్యి తొడుగులో ఉంది, నేను చెయ్యి వెనకాల ఉన్నాను, హైదరాబాదులో జనం వెనకాల నిలబడినట్టే. నా బతుకులోకెల్లా గొప్ప చెట్టు తయారవుతుంటే నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను. చూస్తున్నానని కూడా నాకు తెలియదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా ఇంటిదొంగ నా చేతిని నా ఒంటిమీదే ఉంచి ఎత్తుకుపోయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే తొడుక్కునేదానివా? నువ్వు గోడకేసి తిరిగి పడుకున్న రోజులు నీకు గుర్తులేవేమో గానీ నాకు గుర్తున్నాయి. నిన్ను మళ్ళీ అలా చూడలేను."

అది నిజం. నిజమైనందుకు కోపం ఇంకా పెరిగింది.

"మరి తాత కొమ్మ కొయ్యనివ్వదేం?"

"ఏ కొమ్మ?" అంది. జరిగింది చెప్పాను. తర్వాత మాట్లాడింది నా కూతురు కాదు, ఆ గదిలో పనిచేసే మనిషి.

"నువ్వు ఆ కొమ్మను ఎప్పుడూ కొయ్యలేదు కదమ్మా. అది నేర్చుకున్న నూకరత్నం ఆ కొమ్మను కొయ్యదు. ఇప్పుడు నువ్వు కొయ్యబోయావు. నువ్వు మనసు మార్చుకోవడం కూడా దానికి వణుకులాగే కనపడుతుంది. అందుకే ఎదురు లాగింది."

అన్నాక తను అన్నదేమిటో తనకే అర్థమైనట్టుంది. చేత్తో నోరు మూసుకుంది.

తొడుగు విప్పి దాని చేతిలో పెట్టాను. విప్పగానే నా చెయ్యి గిలగిల్లాడిపోయింది. అందరూ చూస్తున్నా దాచుకోలేదు. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి" అని అక్కడే అన్నాను. ఫణీంద్ర గారు అదేదో విత్తనాల సంగతి అనుకుని తలూపారు.

మర్నాడు పొద్దున హైమ వచ్చేసరికి నేను చింతచెట్టు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. తలమీద ఇంకో రెమ్మ ఎండింది. నాన్న కొమ్మ మీద మాత్రం చిగుళ్ళు ఉబ్బి విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి. అవి విచ్చుకుంటే ఇక తలకి ఏమీ మిగలదు.

"ఎక్కడ కొయ్యాలో చూపించమ్మా. నేను కోస్తాను" అంది.

"నువ్వు ఇప్పటికే చాలా కోశావు."

కుడిచేత్తో కత్తెర ఎత్తాను. తొట్టె అంచుకు తగిలింది. మళ్ళీ ఎత్తితే మానుకు తగిలి గాటు పడింది. మంగ నీళ్ళ గొట్టం వదిలేసి అటు తిరిగిపోయింది. ఊపిరి బిగబట్టి, వణుకు కాస్త నెమ్మదించిన క్షణం చూసి మరోసారి ప్రయత్నించాను. చెయ్యి నాన్న కొమ్మ దాకా వెళ్ళి, మెల్లగా, మర్యాదగా పక్కకు జరిగింది. తొడుగు లేదు. అయినా జరిగింది. ఇన్నాళ్ళూ లాగి లాగి నా చేతికే దారి మప్పేసింది. తీగ విప్పేశాక కూడా కొమ్మ వంగే ఉంటుంది, ఆ సంగతి నాకు తెలియనిదా?

కత్తెర ఒళ్ళో పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియక చెట్టునే చూస్తూ కూర్చున్నాను. వెనక కింద దాని దిష్టి కొమ్మ వంకరటింకరగా, దాని ఇష్టం వచ్చినట్టు ఉంది.

నేను పుట్టుకతో ఎడంచేతివాటం మనిషిని. ఈ సంగతి హైమకి కూడా తెలియదు. చిన్నతనంలో మొదటిసారి కత్తెర ఇస్తే ఎడంచేత్తో అందుకున్నాను. నాన్న అరటినార తెచ్చి నా ఎడంచేతిని నడుముకి కట్టేశాడు. "పురసేత్తో ముట్టుకుంటే సెట్టు ఏడుత్తాదే. మొక్కై వంగనిది మానై వంగుద్దా?" అనేవాడు. తినేటప్పుడూ కట్టే, పని చేసేటప్పుడూ కట్టే. ఎన్నాళ్ళుందో గుర్తులేదు. కట్టు విప్పేసరికి నేను కుడిచేతి మనిషిని అయిపోయాను. విద్య నేర్పాడు కదా అని ఆయన మీద ఏనాడూ కోపం రాలేదు. ఆ పొద్దున వచ్చింది. కడియమంతా పొగిడిన చెయ్యి నాది కానే కాదు. మొదట తండ్రి వంచాడు, తర్వాత కూతురు వంచింది. ఇద్దరూ నా మంచికే అన్నారు. ఎడంచేతిని నాన్న కట్టేశాడు గానీ దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. చిగురు గిల్లని కొమ్మ అదొక్కటే నాకు మిగిలింది.

కత్తెర ఎడంచేతిలోకి మార్చుకున్నాను.

"ఎడంచేత్తోనా అమ్మా?" అంది హైమ. చిన్నప్పుడు అది ఎడంచేత్తో ప్రసాదం పుచ్చుకోబోతే కసిరిందాన్ని నేనే.

ఆ చేతికి ఏమీ రాదు. కత్తెర పట్టుకోవడం కూడా రాదు. వంకరగా ఆనించింది, జారింది, మళ్ళీ ఆనించింది. కానీ నేను పొమ్మన్న చోటికే పోయింది. బలమంతా పెట్టి నొక్కాను. కొమ్మ సగం తెగి సగం విరిగి కింద పడింది. దాంతోపాటు మాను మీది బెరడు బొటనవేలంత మేర చీలి వచ్చేసింది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అలా కోస్తే తోటలోంచి తరిమేసేదాన్ని. గాయాన్ని చాకుతో చెక్కి మైనం పూశాను. అప్పుడు ఏడుపొచ్చింది. నాన్న కొమ్మ కోసమో, వెలగ చెట్టు కోసమో, ఇన్నేళ్ళకి కనపడిన ఈ చెయ్యి కోసమో చెప్పలేను.

"తల బతుకుతుందా?" అని అడిగింది హైమ.

"వర్షాలు పడితే గానీ తెలీదు. పోతే నా చేతిలో పోతుంది."

అది నా పక్కన నేలమీదే కూర్చుంది. తప్పయిందమ్మా అంటుందేమోనని చూశాను. ఆ ఒక్క మాట అంటే, ఆ పూటే కాకపోయినా ఎప్పటికైనా మనసు కరిగేది. కన్నపిల్ల కదా. అది నా మొహం చూడటం లేదు. నా ఒళ్ళో ఉన్న ఎడంచేతిని చూస్తోంది.

"ఈ చెయ్యి అసలు వణకట్లేదమ్మా" అంది మెల్లగా.

ఆ చూపు నాకు బాగా తెలుసు. కొత్త మొక్కను చేతిలోకి తీసుకుని, తీగ ఎక్కణ్ణుంచి చుట్టాలా అని నేను చూసే చూపు అది. అరటినార చేత పట్టుకుని నాన్న నన్ను చూసిందీ ఆ చూపే. అందులో ప్రేమ లేదని అనను. మొక్కల మీద నాకూ ఉంటుంది.

ఎడంచేతిని కొంగులో చుట్టి దాచుకున్నాను.